లైసెన్సు పరీక్షకు మన వార్డులోనే చదువు

మన ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి వచ్చే సిస్టర్ల సంచుల్లో ఈ మధ్య అన్నం క్యారియరుతో పాటు లావుపాటి గైడు కూడా కనిపిస్తున్నది. కొందరు అమెరికా పరీక్షకు, కొందరు ఇంగ్లాండు పరీక్షకు, ఎక్కువమంది దుబాయి, సౌదీ పరీక్షలకు చదువుతున్నారు. వీరిలో చాలామంది కౌతాళం, కోసిగి చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చినవారే. కొందరి తండ్రులు వర్షాధారపు చేను మీద అప్పు తెచ్చి, కొందరి తండ్రులు ఎమ్మిగనూరులో మగ్గం మీద సంపాదించి ఫీజులు కట్టారు. ఆ అప్పు ఇక్కడి జీతంతో తీరాలంటే ఎన్నేళ్ళు పడుతుందో ఆ ఇళ్ళవారికి తెలుసు, మాకూ తెలుసు.

ఈ చదువు గురించి ఆసుపత్రిలో రెండు మాటలు వినబడుతున్నాయి. "మనం నేర్పి పెద్ద చేస్తే పరాయి దేశం పోతారు, దానికి మనమెందుకు సాయపడాలి" అనేది ఒకటి. "చదువుకోనివ్వండి, కానీ డ్యూటీ అయ్యాక ఇంటి దగ్గర చదువుకోవాలి, వార్డుకూ దానికీ సంబంధం లేదు" అనేది రెండవది. నర్సింగు విభాగం తరఫున మేము ఈ రెండింటితోనూ ఏకీభవించడం లేదు. పెద్దవారైన రోగుల సంరక్షణ మీద అక్కడ అడిగే ప్రశ్నలు మన మెడికల్ వార్డులో, సర్జికల్ వార్డులో ప్రతి రాత్రీ ఎదురయ్యేవే. కావున ఆ చదువు వార్డులోనే, డ్యూటీ సమయంలోనే, వెళ్ళేవారికీ వెళ్ళనివారికీ కలిపి జరగాలని మా అభిప్రాయం.

మన పాఠకులలో నర్సులు కానివారూ ఉన్నారు గనుక కొంచెం వివరిస్తాము. మన రాష్ట్రంలో జి.ఎన్.ఎం. గాని, బి.ఎస్సీ. నర్సింగ్ గాని పాసైనవారు నర్సింగ్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని రిజిస్టర్డ్ నర్సులు అవుతూ వచ్చారు. చదువు చివర రాసే పరీక్షే లైసెన్సుకు దారి. ఈ పరీక్షల వ్యవహారంలో మిషను ఆసుపత్రులకు పాత సంబంధమే ఉన్నది. ప్రభుత్వ కౌన్సిళ్ళు పుట్టకముందే, 1910లలో, దక్షిణ భారతదేశపు మిషను ఆసుపత్రులవారు ఒక పరీక్షా బోర్డు పెట్టుకొని తమ నర్సులకు ఉమ్మడి పరీక్షలు జరిపారు. తరువాత 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. అప్పుడు మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రం కింద ఉండేది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. అంటే ఒకచోట నేర్చుకున్న నర్సు ఇంకొకచోట పని చేయాలంటే ఆమెకు పని వచ్చునని ఎవరో ఒకరు పూచీ పడాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ఈనాడు ఆ పూచీ దేశాలు దాటి అడుగుతున్నారు, అంతే.

అమెరికాలో ఆ పరీక్షను ఎన్‌క్లెక్స్ అంటారు. 1994 నుండి కంప్యూటరు మీద జరుగుతున్నది, 2005 నుండి అమెరికా బయట కూడా రాయవచ్చు. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం ఐదు గంటలు. ఒక ప్రశ్నకు సరిగ్గా చెబితే తరువాతది కొంచెం కష్టంగా వస్తుంది, తప్పు చెబితే కొంచెం తేలికగా వస్తుంది. దాటిపోయిన ప్రశ్నకు వెనక్కి వెళ్ళి దిద్దుకోవడానికి వీలు లేదు. 2023 ఏప్రిల్ 1 నుండి పద్ధతి మారింది. ఒకే రోగి కథ ఇచ్చి, దాని మీద వరుసగా ఆరు ప్రశ్నలు అడుగుతారు: ఏ లక్షణాలు గమనించావు, వాటికి అర్థమేమిటి, వాటిలో ఏది ముఖ్యం, ఏమేమి చేయవచ్చు, ముందు ఏది చేస్తావు, చేశాక రోగి బాగుపడ్డాడా లేదా. ఇంగ్లాండువారు "అడల్ట్ నర్సు" అని ప్రత్యేకంగా రిజిస్టరు చేస్తారు. కంప్యూటరు పరీక్ష ఇక్కడే రాయవచ్చు గాని, తరువాత అక్కడికి వెళ్ళి పది స్టేషన్లలో చేసి చూపించాలి. మన దేశంలో కూడా 2021లో వచ్చిన కొత్త బి.ఎస్సీ. సిలబసులో "మెడికల్ సర్జికల్ నర్సింగ్" అనే పాత పేరు తీసి "అడల్ట్ హెల్త్ నర్సింగ్" అని పెట్టారు.

మన పిల్లలు చదివినది ఏ పద్ధతి? "ఉబ్బసము అనగానేమి? కారణములు, లక్షణములు, నర్సింగ్ కేర్ వ్రాయుము." ఇవి తెలియాల్సిందే, కాదనము. ఆ పుస్తకాల మీదే మేమూ పాసైనాము. కానీ విదేశీ ప్రశ్న ఇలా ఉంటుంది. నీ వార్డులో నలుగురు రోగులు. ఒకరికి ఆపరేషను అయి రెండో రోజు, కుట్లు నొప్పి అంటున్నాడు. ఒకరికి ఉదయం షుగరు 240. ఒకరికి క్షయ, జ్వరం 101. ఒకామెకు థైరాయిడ్ ఆపరేషను అయి మూడు గంటలు, ఊపిరి తీసుకుంటే గొంతులో కీచుమని శబ్దం. మొదట ఎవరి దగ్గరికి పోతావు? నాలుగో ఆమె దగ్గరికి. ఆమె గొంతు లోపల వాస్తున్నదేమో, రక్తం చేరి గాలిగొట్టాన్ని నొక్కుతున్నదేమో. నిమిషాల్లో ఊపిరి ఆగవచ్చు. గైడు చదివిన ఎవరైనా ఈ జవాబు చెబుతారు. మన వార్డులో మాత్రం సిస్టరు మొదట ఎవరి దగ్గరికి పోతుంది? ఎవరి తాలూకు మనుషులు ఎక్కువ గట్టిగా పిలిస్తే వారి దగ్గరికి. గొంతు పూడుకుపోతున్న మనిషి గట్టిగా పిలవలేదు. ఈ అలవాటు మార్చుకోకుండా పరీక్ష హాలులో కూర్చుంటే, తెలిసిన జవాబు కూడా చేతికి రాదు.

ఇంకొక అలవాటు ఇంతకంటే పాతది. ఏ ప్రశ్న ఇచ్చినా మన పిల్లలు మొదట పెట్టే జవాబు "డాక్టరుగారికి తెలియజేస్తాము." అక్కడి పరీక్షలో ఈ జవాబు చాలాసార్లు తప్పు. డాక్టరుకు చెప్పవద్దని కాదు. ఫోను చేసే ముందు నర్సు తన చేతులతో చేయవలసినది ఒకటి ఉంటుంది, ముందు అది చేయాలని. రక్తం ఎక్కుతుండగా రోగికి చలి, వణుకు, నడుము నొప్పి మొదలైతే మొదట చేయవలసినది ఆ రక్తాన్ని ఆపడం. తరువాత ట్యూబు మార్చి, కొత్త సెట్టుతో నార్మల్ సెలైన్ మెల్లగా పెట్టి సిర మూసుకుపోకుండా ఉంచాలి. బి.పి., నాడి చూడాలి, సంచి మీద పేరూ నంబరూ మళ్ళీ సరిచూడాలి, అప్పుడు డాక్టరుగారికి, బ్లడ్ బ్యాంకుకు చెప్పాలి. సంచినీ, ట్యూబునూ పారవేయకూడదు. ఫోను కోసం వెదుకుతూ ఉంటే ఆ అయిదు నిమిషాలూ సరిపడని రక్తం లోపలికి పోతూనే ఉంటుంది. మొదటి పదిహేను నిమిషాలు నర్సు మంచం పక్కనే ఉండాలనే నియమం ఇందుకే.

మన ప్రాంతపు రోగుల దగ్గరే ఈ పాఠాలన్నీ ఉన్నాయి. పత్తికి మందు కొట్టే కాలంలో కౌతాళం వైపు నుండి ఆటోలో తెచ్చే మనుషులను చూడండి. నోట్లో నురుగు, కళ్ళలో నీళ్ళు, పాపలు గుండుసూది మొన అంత. గాలికి ఎదురుగా నిలబడి కొట్టినవాడైనా, ఇంట్లో గొడవై తాగినవాడైనా మొదటి పని ఒకటే. పక్కకు తిప్పి, నోరు సక్షను చేసి, ఆక్సిజను పెట్టాలి. చేతులకు గ్లౌజులు వేసుకొని ఆ మందు బట్టలు తీసివేయాలి, ఒళ్ళు సబ్బుతో కడగాలి. అట్రోపిను మొదలుపెట్టాక చాలామంది కంటిపాపలే చూస్తుంటారు. చూడవలసినది ఛాతీ. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల్లో తేమ శబ్దం పోయిందా, నాడి, బి.పి. నిలబడ్డాయా అన్నది ముఖ్యం. విదేశీ పరీక్షలో పత్తి మందు గురించి అడగకపోవచ్చు. కానీ "ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, తరువాత రక్తప్రసరణ" అన్న వరుసను ఇంతకంటే బాగా నేర్పే రోగి ఏ కోచింగు సెంటరులో దొరుకుతాడు? కట్లపాము కాటు కూడా అంతే. గాయం కనిపించకపోయినా, రెప్పలు వాలుతున్నాయా, ఉమ్మి మింగగలుగుతున్నాడా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు అని కనిపెట్టుకొని ఉన్న నర్సుకు "లక్షణాలు గుర్తించుట" అనే ప్రశ్న భయపెట్టదు.

షుగరు సంగతి ఇంకా ఎక్కువ పనికివస్తుంది, ఎందుకంటే ఇది అన్ని దేశాల పరీక్షల్లోనూ వస్తుంది, మన వార్డులోనూ వారం వారం వస్తుంది. పెద్దాయన గ్లిబెన్‌క్లమైడు మాత్ర వేసుకున్నాడు, ఏదో కారణాన అన్నం తినలేదు. చెమటలు, తడబాటు, పిచ్చిమాటలు. గ్లూకోమీటరుతో చూస్తే 70 కంటే తక్కువ. స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఇక్కడ మాత్రం ఇంటివారు ప్రేమ కొద్దీ చక్కెర నీళ్ళు పోస్తూనే ఉంటారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సిరలోకి గ్లూకోజు ఎక్కగానే ఆయన లేచి కూర్చుని "నాకేం కాలేదమ్మా, బస్సుకు టైమైంది" అంటాడు. పంపకూడదు. ఆ మాత్ర ప్రభావం ఒంట్లో చాలా గంటలు ఉంటుంది, షుగరు మళ్ళీ పడిపోతుంది. "చేశాక ఫలితం చూచుట" అనే ఆరో ప్రశ్న ఇదే.

రోగిని ఇంటికి పంపేటప్పుడు చెప్పే మాటల మీద కూడా పరీక్షలో చాలా ప్రశ్నలు వస్తాయి. క్షయ రోగికి రిఫాంపిసిను మొదలుపెడితే మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడి మందు మానవద్దు, కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే రావాలి అని చెప్పడం సరైన జవాబు. మన దగ్గర దీనికి ఇంకొక మాట కలపాలి. ఈ మండలాలవారు పంటలు అయిపోగానే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోతారు. "ఆరు నెలలు మందు వేసుకో" అని చెప్పి పంపితే చాలదు. "సుగ్గికి ఎప్పుడు పోతావు, ఏ ఊరికి" అని అడిగి, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇవే మందులు ఉచితంగా ఇస్తారని, కార్డు వెంట తీసుకుపొమ్మని చెప్పాలి. రోగి బతుకు తెలుసుకొని చెప్పడమే ఆ ప్రశ్నలలో వెదికేది కూడా.

అన్నీ మన వార్డులోనే దొరుకుతాయని మేము చెప్పడం లేదు. కొన్ని ప్రత్యేకంగా నేర్చుకోవలసినవి ఉన్నాయి. మనం పారసిటమాల్ అంటే అమెరికాలో అసెటమినోఫెన్ అంటారు. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్, పెథిడిన్ అక్కడ మెపెరిడిన్, గ్లిబెన్‌క్లమైడు అక్కడ గ్లైబ్యురైడ్. ఇంగ్లాండులో షుగరును వేరే కొలతలో చెబుతారు, మన సంఖ్యను 18తో భాగించాలి. మన 70 అక్కడ 3.9. ఒక పలక మీద రాసి డ్యూటీ రూములో వేలాడదీస్తే నెలలో అందరికీ వచ్చేస్తుంది.

దీనికంటే కష్టమైనది పని పంచడం. మన దగ్గర రోగికి తినిపించేది, బెడ్‌ప్యాను పెట్టేది ఎక్కువగా ఇంటివారు, లేదా ఆయమ్మ. అక్కడ అదంతా సిబ్బందే చేయాలి, ఎవరికి ఏ పని అప్పగించవచ్చో నర్సు తేల్చాలి. రోగిని పరీక్షించి అంచనా వేయడం, బోధించడం, ఫలితం చూడడం ఇంకొకరికి అప్పగించరాదు, నిలకడగా ఉన్న రోగికి స్నానం, తినిపించడం అప్పగించవచ్చు. ఇంకొకటి: "ఆయనకు కాన్సరని చెప్పొద్దమ్మా, కొడుకులతో మాట్లాడండి" అని ఇక్కడ ప్రతివారూ అంటారు. అక్కడ రోగికి తెలియకుండా కొడుకులతో మాట్లాడడం తప్పు జవాబు. ఏది మంచి పద్ధతి అన్నది వేరే చర్చ. మా ఉద్దేశంలో మనం రోగిని అడిగేది చాలా తక్కువ.

ఇంగ్లీషు భయం గురించి ఒక మాట. తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన పిల్లలు, ఇంట్లో సగం కన్నడం మాట్లాడే పిల్లలు ఈ పరీక్షలకు పనికిరారని కొందరు తేల్చేస్తుంటారు. రోగి పరిస్థితిని తెలుగులో స్పష్టంగా చెప్పగలిగినవారు ఇంగ్లీషు ప్రశ్నను కూడా అందుకుంటారు, కొంచెం సమయం పడుతుంది. తెలుగులో ఆలోచన రానిది ఇంగ్లీషు వచ్చినా రాదు. చర్చ తెలుగులో జరగాలి, చివర ఆ ప్రశ్ననే ఇంగ్లీషులో రెండుసార్లు చదవాలి.

డబ్బు సంగతి కూడా తల్లిదండ్రులకు చెప్పాలి. అమెరికా పరీక్షకు ఫీజే 200 డాలర్లు, ఆ దేశం బయట రాస్తే పైన ఇంకో 150. చదువు రికార్డులు నర్సింగు స్కూలు నుండి నేరుగా వెళ్ళాలి, దీనికే నెలలు పడుతుంది. ఇవి కాక కోచింగు. పరీక్ష పాసు చేయిస్తామని, ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి లక్షలు అడిగేవారి మాట నమ్మవద్దు. గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు నర్సుగా వెళ్ళడానికి 2015లో ఎమిగ్రేషను క్లియరెన్సు తప్పనిసరి చేశారు. చేను తాకట్టు పెట్టే ముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లో విచారించండి.

ఇక మొదటి అభ్యంతరానికి వస్తాము: వెళ్ళిపోతారు గదా. అవును, కొందరు వెళ్ళిపోతారు. రాత్రి ఒక్క సిస్టరు మీద వార్డు అంతా నడిచే ఆసుపత్రిలో ఒకరు వెళ్ళినా ఆ లోటు ఎంతో డ్యూటీ లిస్టు వేసే మాకు తెలియనిది కాదు. కానీ ఆపడానికి ఉన్న మార్గాలు ఏమిటి? కొన్నిచోట్ల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు, బాండు రాయించుకుంటారు. అలా నిలబెట్టిన నర్సు మనిషి ఇక్కడ, మనసు ఎక్కడో. ఆమె చేతిలో రోగిని పెట్టడం మాకు ఇష్టం లేదు. పైగా వెళ్ళేవారు నలుగురైతే ఉండేవారు పదిమంది. పెళ్ళై ఇక్కడే స్థిరపడినవారు, అత్తమామలను చూసుకోవలసినవారు, వెళ్ళాలని లేనివారు ఉంటారు. ఆ నలుగురి కోసం మొదలైన చదువు ఈ పదిమందికీ అందితే, లాభపడేది ఆదోని రోడ్డు మీద నుండి అర్ధరాత్రి వచ్చే రోగి. వెళ్ళేవారు వెళ్ళేదాకా ఒక సంవత్సరమో రెండో ఇక్కడే పని చేస్తారు, ఆ రెండేళ్ళూ మంచి పని చేసి వెళ్తారు.

అందుకని యాజమాన్యాన్నీ, డాక్టరుగార్లనూ మేము మూడు సంగతులు అడుగుతున్నాము. మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు రెండు గంటల నుండి అరగంట, రెండు షిఫ్టులవారూ ఉన్న సమయంలో, ఒక మంచం దగ్గర ఒక రోగి మీద చర్చ జరగనివ్వాలి. ఆ అరగంట వార్డు చూసుకోవడానికి ఒక సిస్టరును వంతులవారీగా బయట ఉంచుతాము. రెండవది, పరీక్ష ఉన్న వారం ఆ సిస్టరుకు నైట్ డ్యూటీ వేయకుండా ఉండేందుకు మాకు అనుమతి కావాలి, మిగతావారు ఆ రాత్రులు సర్దుకుంటామని ఇప్పటికే ఒప్పుకున్నారు.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. నర్సు ముందు అడుగు వేయాలంటే ఆమె చేతిలో వ్రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. షుగరు పడిపోయి స్పృహ తప్పితే సిరలోకి గ్లూకోజు ఎంత ఇవ్వాలి, ఆక్సిజను ఎంత పెట్టాలి, పొగ పొయ్యిల దగ్గర ఊపిరితిత్తులు చెడిన ముసలమ్మకు ఆక్సిజను 88 నుండి 92 శాతం మధ్య ఉంచితే చాలునా, పురుగుమందు కేసులో డాక్టరుగారు వచ్చేలోపు నర్సు ఏది మొదలుపెట్టవచ్చు, ఏది పెట్టకూడదు – ఇవి కాగితం మీద రాసి, డాక్టరుగార్లు సంతకం చేసి, వార్డులో అంటించాలి. కాగితం లేకుండా "నువ్వెందుకు ఆలోచించలేదు" అని నర్సును అడగడం న్యాయం కాదు. కాగితం ఉండి కూడా ఆమె చేయకపోతే అప్పుడు మేము అడుగుతాము.

వచ్చే సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు మెడికల్ వార్డులో మొదటి చర్చ పెట్టుకున్నాము. ఆ రోజు ప్రశ్న ఇది: గుండె జబ్బుకు డిగాక్సిన్, ఫ్రుసెమైడు వాడుతున్న 60 ఏళ్ళ ఆమెకు వాంతి వస్తున్నది, దీపం చుట్టూ పచ్చటి వలయం కనిపిస్తున్నదంటున్నది, ఉదయం మాత్ర ఇచ్చే వేళైంది. మాత్ర చేతిలోకి తీసుకునే ముందు ఏమి చూస్తారు, ఎంతసేపు చూస్తారు, ఏ రక్తపరీక్ష కాగితం అడుగుతారు? పేర్లు ఇవ్వనక్కరలేదు, అందరూ రండి. విద్యార్థినులు కూడా రావచ్చు.